మామిడి ట్రాక్టర్ల క్యూ చూశాక అడుగుతున్నా: పెట్టుబడిదారీ మేలా, సోషలిజం మేలా?

పుత్తూరు పిల్లోడు · రాత్రి 8:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో రూమ్ తీసుకుని గ్రూప్ 2 కి చదువుతున్నా. ఆదివారం మా స్టడీ సర్కిల్‌లో డిబేట్ ఉంది. చీటీ తీస్తే నాకు 'సోషలిజమే మేలు' అని వచ్చింది. నా రూమ్మేట్ శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనిచేస్తాడు. నువ్వు ఆ పక్షం మాట్లాడితే ఈ నెల అద్దెలో నా వాటా ఇవ్వను పో అంటున్నాడు.

పుస్తకంలో ఉన్నది నాకు వచ్చు. పెట్టుబడిదారీలో ఫ్యాక్టరీలు, భూములు ప్రైవేటువి, సోషలిజంలో సమాజానివి. మొదటిదాంట్లో లాభం, రెండోదాంట్లో అవసరం. ఇంతే చెబితే అయిదు నిమిషాల్లో కూర్చోబెడతారు.

నా అసలు డౌట్ వేరే. పోయిన శనివారం బంగారుపాళ్యంలో అక్క వాళ్లింటికి పోతుంటే దారిలో ఒక గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి ట్రాక్టర్లు కనుచూపు మేర నిలబడి ఉన్నాయి. క్యూ అనేది సోషలిస్టు దేశాల జబ్బు అని కదా చదువుకున్నాం? ఇక్కడ తోట ప్రైవేటు, ట్రాక్టర్ ప్రైవేటు, ఫ్యాక్టరీ ప్రైవేటు. మరి క్యూ ఎక్కడి నుంచి వచ్చింది?

శ్రీసిటీ షిఫ్ట్ · రాత్రి 8:52

ఆ రూమ్మేట్ నేనే. అద్దె సంగతి నిజమే.

మా నాన్న ల్యాండ్‌లైన్ ఫోన్‌కి డబ్బు కట్టి ఏళ్లు ఎదురుచూశాడు. కనెక్షన్ వచ్చిన రోజు వీధిలో మిఠాయి పంచారంట. స్కూటర్‌ది కూడా అదే కథ. బజాజ్ చేతక్ బుక్ చేసి పిల్లోడు పుట్టి స్కూల్‌కి పోయేదాకా ఆగిన వాళ్లు ఉన్నారు. కంపెనీకి బండ్లు చేయడం చేతకాక కాదు. ఏడాదికి ఇన్నే చేయాలని లైసెన్సులో రాసిచ్చేవాళ్లు, అంతకు మించి చేస్తే నేరం! 1991 తర్వాత ఆ లైసెన్సులు చాలావరకు పోయాయి. ఇప్పుడు షోరూమ్ వాడే ఫోన్ చేసి విసిగిస్తున్నాడు, బండి తీసుకోండి సార్ అని.

శ్రీసిటీ 2008లో మొదలైంది. అంతకు ముందు సత్యవేడు చుట్టుపక్కల ఆడపిల్లలు పదో తరగతి అయ్యాక ఏం చేసేవాళ్లో అడిగి చూడండి. ఇప్పుడు తెల్లారి అయిదింటికి కంపెనీ బస్సు కోసం ఐడీ కార్డు మెళ్లో వేసుకుని నిలబడతారు. ఏ ప్లానింగ్ కమిషన్ ఇచ్చింది ఆ కార్డు?

మాస్టారు · రాత్రి 9:20

పుత్తూరు అబ్బాయ్, మంచి ప్రశ్న అడిగావు. నేను ఎకనామిక్స్ చెప్పి రిటైర్ అయినవాణ్ని. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టు.

కొర్నాయ్ అని హంగరీ దేశపు ఆర్థికవేత్త ఉండేవాడు. సోషలిస్టు దేశంలోనే బతికి, దాన్ని లోపలి నుంచి చూసి రాసిన మనిషి. ఆయన లెక్క ప్రకారం క్యూ రెండు చోట్లా ఉంటుంది, నిలబడే మనిషే మారతాడు. సోషలిస్టు వ్యవస్థలో కొనేవాళ్లు క్యూ కడతారు. తూర్పు జర్మనీలో ట్రబాంట్ కారుకి పదేళ్లకు పైగా ఎదురుచూసేవాళ్లు. పెట్టుబడిదారీ వ్యవస్థలో సరుకు ఎప్పుడూ అవసరానికి మించి ఉంటుంది కాబట్టి అమ్మేవాళ్లు క్యూ కడతారు. షోరూమ్ వాడు ఫోన్ చేయడం ఆ రెండో క్యూనే. నువ్వు చూసిన ట్రాక్టర్లూ అదే. ఆ మాటకొస్తే నువ్వు కూడా అదే నాయనా. 2023 గ్రూప్ 2 నోటిఫికేషన్‌లో సుమారు 900 పోస్టులకు నాలుగు లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. శ్రమ అమ్మడానికి వచ్చినవాళ్ల క్యూ అది.

సోషలిస్టు దేశాల్లో కొరత ఎందుకు వచ్చేదంటే, ఫ్యాక్టరీ నష్టపోయినా సర్కారు పూడ్చేది. నష్టం భయం లేని మేనేజర్ ఎంత ముడిసరుకు దొరికితే అంత లాక్కుని గోడౌన్‌లో దాచుకునేవాడు. పక్క ఫ్యాక్టరీకి అందేది కాదు. 1921లో పెట్టిన గోస్‌ప్లాన్ అనే సంస్థ మాస్కోలో కూర్చుని ఎవరు ఎంత తయారు చేయాలో రాసేది. లక్ష్యం బరువులో ఇస్తే బరువైన సరుకు వచ్చేది, సంఖ్యలో ఇస్తే తేలికపాటి నాసిరకం వచ్చేది. జనానికి ఏది కావాలో పైకి చెప్పే దారి మాత్రం లేదు. ధర అనేది ఆ కబురు మోసే పని చేస్తుందని హాయక్ అనే ఆర్థికవేత్త 1945లోనే వాదించాడు.

ఇంకొక్క సంగతి. నువ్వు చెన్నై రైలు ఎక్కితే ఆవడి స్టేషన్ వస్తుంది చూడు. 1955 జనవరిలో కాంగ్రెస్ మహాసభ అక్కడే జరిగింది. మన దేశానికి 'సోషలిస్టు తరహా సమాజం' కావాలని తీర్మానం చేసింది అక్కడే. రాజ్యాంగ పీఠికలో ఆ మాట చేరింది మాత్రం 1976లో, 42వ సవరణతో.

దామలచెరువు తోట · రాత్రి 9:31

మీరు మాట్లాడుకునే క్యూలోనే ఉండాను నేను. రెండో రాత్రి. ఫోన్ ఛార్జింగ్ ట్రాక్టర్ బ్యాటరీ నుంచి పెట్టుకుంటా ఉండా.

నాలుగు టన్నులు ఎత్తుకొచ్చినా. సర్కారు కిలో 12 అని చెప్పింది, 8 ఫ్యాక్టరీ ఇయ్యాల, 4 సర్కారు మన అకౌంట్లో ఏస్తుంది. టోకెన్ ఇచ్చినారు. టోకెన్ ఉండేది ఒక్క లోడుకే, చెట్టుమీద ఇంకా మూడు లోడ్లు ఉంది. ర్యాంపులో (బయట కాయ కొనే యార్డులో) అడిగితే నాలుగు రూపాయలంట. కోత కూలి, బాడుగ పోతే ఏం మిగల్తుంది?

ఫ్యాక్టరీ వాళ్లేమో పోయినేడు గుజ్జు డ్రమ్ములే ఇంకా కదల్లేదు అంటున్నారు. అబద్ధం కూడా కాదేమో. నాకెట్ల తెలుస్తుంది?

అలిపిరి మెట్లు · రాత్రి 9:44

క్యూ గురించి తిరుపతి వాళ్లకా చెప్పేది! కొండ మీద రెండు వ్యవస్థలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. సర్వదర్శనం ఫ్రీ, కానీ కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి కూర్చోవాలి. 300 టికెట్ తీసుకుంటే టైమ్ ముందే తెలుస్తుంది. శ్రీవాణి ట్రస్టుకి 10,000 ఇస్తే బ్రేక్ దర్శనం. ఒకడు గంటల్లో కడతాడు, ఇంకొకడు నోట్లలో కడతాడు. స్వామి మాత్రం ఒక్కడే, లోపల నిలబడే చోటు కూడా అంతే.

లడ్డూ చూడండి. దర్శనం చేసుకున్న ప్రతి ఒక్కరికీ ఒకటి ఉచితం, అదనంగా కావాలంటే 50 రూపాయలు. రేషనూ మార్కెట్టూ ఒకే కౌంటర్‌లో.

గోవిందా గోవింద · రాత్రి 9:47

దేవుణ్ని ఇందులోకి లాగకండి దయచేసి.

అలిపిరి మెట్లు · రాత్రి 9:49

దేవుణ్ని కాదు సామీ, క్యూ లైన్‌ని లాగినా.

శ్రీసిటీ షిఫ్ట్ · రాత్రి 9:55

అలిపిరి అన్నా, మీ ఉదాహరణ నాకే పనికొస్తుంది. సర్వదర్శనానికి కూడా టైమ్ స్లాట్ టోకెన్లు పెట్టాక పాత తిప్పలు కొంత తగ్గాయి కదా. అంటే మేనేజ్‌మెంట్ తెలివి. ఇక దామలచెరువు అన్న సంగతికి వస్తే, మార్కెట్లో నాలుగు పలికే కాయకి సర్కారు ఎనిమిది ఇవ్వమంటే ఫ్యాక్టరీ ఏం చేస్తుంది? తనకు కావాల్సినంతే కొని గేటు మూస్తుంది. ధర పైకి కట్టేస్తే మిగిలింది క్యూగా మారుతుంది. ఈ 2025 సీజన్‌లోనే చూశాం, ఇక్కడ ధర ఎక్కువని కర్ణాటక కాయ వస్తుందని జిల్లాలోకి రానీయకుండా ఆపారు. అక్కడి ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఒక ధర నిలబెట్టడానికి ఒక చెక్‌పోస్టు కావాలి, చెక్‌పోస్టుకి పోలీసులు కావాలి. సోషలిజం అంతా ఇట్లాగే ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది.

దామలచెరువు తోట · రాత్రి 10:02

తమ్ముడూ, ధర కట్టకుంటే నాలుగు కూడా ఉండదు. రెండుకి దిగుతుంది. చెట్టు మీద ఉంచితే మాగి రాలిపోతుంది. నీ మొబైల్ ఫోన్ గోడౌన్‌లో ఆర్నెల్లు ఉంటుంది, నా కాయ మూడు రోజులు కూడా ఉండదు. మార్కెట్ మార్కెట్ అంటావే, ఆగగలిగేవాడికి అది మార్కెట్, మాలాంటోళ్లకి కాదు.

పుత్తూరు పిల్లోడు · రాత్రి 10:06

అన్నా, ఈ ముక్క డిబేట్‌లో వాడుకోవచ్చా?

దామలచెరువు తోట · రాత్రి 10:07

వాడుకో. కిలో ఎంతకి అని మాత్రం అడగొద్దు.

చెరుకు పిప్పి · రాత్రి 10:25

నేను ఇంకో వైపు నుంచి చెప్తా. మా నాన్న ఒక సహకార చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. పేరు చెప్పను, మన జిల్లాలో ఈ తరం వాళ్లందరికీ ఇట్లాంటి కథ ఒకటి ఉంటుంది. రైతులే వాటాదార్లు, రైతుల పేరుతోనే బోర్డు. వినడానికి సోషలిజం కంటే గొప్పగా ఉంటుంది. కానీ చెరుకు ఎవరిది ముందు తీసుకోవాలో 'కటింగ్ ఆర్డర్' రాసే మనిషి దగ్గర మా ఊరి పెద్దలందరూ చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆలస్యమైతే చెరుకు ఎండి బరువు పోతుంది, ఆ తేడా రైతు నెత్తిన. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా బోర్డు మారేది, బోర్డు మారినప్పుడల్లా కొత్త మనుషులు ఉద్యోగాల్లో చేరేవాళ్లు. గానుగ మాత్రం పాతదే. ఆఖర్న జీతం నెలల తరబడి రాలేదు. మూతపడిన రోజు నాన్న తన స్పానర్ సెట్ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. అది ఇప్పటికీ మంచం కింద గోనెసంచిలో ఉంది, ప్రతి దసరాకి తీసి నూనె రాసి పసుపు కుంకుమ పెడతాడు.

ఇందులో తప్పు ఎవరిది? సోషలిజం అనడానికి అది సర్కారు ఫ్యాక్టరీ కాదు. పెట్టుబడిదారీ అనడానికి యజమాని లేడు. అందుకే ఈ పేర్లతో కొట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాస్టారు · రాత్రి 10:41

చెరుకు పిప్పి గారూ, కొర్నాయ్ చెప్పిన జబ్బే ఇది. నష్టం ఎవరి జేబులోంచీ పోదని తెలిస్తే ఏ గానుగైనా పాతబడుతుంది. కాకపోతే ఇది సర్కారీ సంస్థల జబ్బు ఒక్కటే అనుకోకండి. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. ఆ తర్వాత మిగతా పెద్ద బ్యాంకులు కూలకుండా అక్కడి ప్రభుత్వమే జనం పన్నుల డబ్బు పోసింది. లాభం వచ్చినన్నాళ్లూ ప్రైవేటు, నష్టం రాగానే అందరిదీ. పేరు పెట్టుబడిదారీ, గుణం మాత్రం మీ నాన్నగారి ఫ్యాక్టరీ బోర్డుదే.

ఎర్ర కండువా · రాత్రి 10:50

మాస్టారు చెప్పేవన్నీ చివరికి మార్కెట్ వైపే మొగ్గుతున్నాయి. మొగ్గకపోతే వింత. కొన్ని సంగతులు నేనూ గుర్తు చేస్తా. 1969 జులై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేయకపోతే మన పల్లెలకి బ్యాంకు వచ్చేదా? మా తాత జీవితంలో మొదటిసారి వడ్డీ వ్యాపారి కాకుండా ఇంకొకడి దగ్గర అప్పు తీసుకున్నది ఆ తర్వాతే, ఒక జెర్సీ ఆవు కోసం. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం రాకపోతే మా అమ్మ తరం ఏం తినేది? కరువు సీమలో రాగి సంకటి కూడా రెండు పూటలా లేని ఇళ్లు అవి. కేరళకు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు లేకపోయినా ఆయుష్షులో, చదువులో ఎందుకు ముందుంది? ఏ మార్కెట్ ఇచ్చింది అది?

శ్రీసిటీ షిఫ్ట్ · రాత్రి 10:58

కేరళకి గల్ఫ్ డబ్బు వచ్చింది కామ్రేడ్. గల్ఫ్‌లో ఉన్నది సోషలిజమా? ఇక తిండి మాట ఎత్తారు కాబట్టి, ఉక్రెయిన్‌లో 1932, 33లో ఏం జరిగింది? చైనాలో 1958 తర్వాత? రైతు దగ్గర ధాన్యం లాక్కుని కోట్ల మందిని చంపిన ప్లానింగ్ అది.

ఎర్ర కండువా · రాత్రి 11:03

బెంగాల్‌లో 1943లో ముప్పై లక్షల మంది దాకా పోయారే, అప్పుడు కలకత్తాలో ఏ కమ్యూనిస్టు ప్రభుత్వం ఉంది? దుకాణాల్లో బియ్యం ఉన్నాయి, కొనడానికి జనం దగ్గర డబ్బు లేదు. అమర్త్య సేన్ చెప్పింది అదే.

మాస్టారు · రాత్రి 11:15

ఇద్దరూ నిజమే చెప్పారు, శవాల లెక్కతో మాత్రం వాదం తేలదు. సేన్ ఇంకో మాట కూడా అన్నాడు. పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశంలో పెద్ద కరువు చావులు రావని. బెంగాల్‌ని ఏలింది తెల్లవాడు, చైనాని ఏలింది ప్రశ్నించడానికి వీల్లేని పార్టీ. రెండు చోట్లా ఆకలిగా ఉందని అరిచే నోరు లేకపోయింది.

చైనా సంగతికి ఒక చిన్న కథ. 1978లో అన్‌హుయ్ రాష్ట్రంలోని షియాగాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు రాత్రిపూట ఒక గుడిసెలో చేరి రహస్యంగా కాగితం రాసుకున్నారు. కమ్యూన్ పొలాన్ని, అంటే ఊరి ఉమ్మడి పొలాన్ని, ఇళ్లవారీగా పంచుకుందాం, సర్కారు వాటా సర్కారుకి ఇచ్చేద్దాం, మిగిలింది ఎవరిది వాళ్లు ఉంచుకుందాం, మనలో ఎవరైనా జైలుకి పోతే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు సాకుదాం అని. వేలిముద్రలు వేశారు. మరుసటి ఏడాది పంట అమాంతం పెరిగింది. పై నాయకులు శిక్షించలేదు, ఆ పద్ధతే దేశమంతా పాకింది. భూమి మాత్రం ఇప్పటికీ వాళ్ల సొంతం కాదు. ఆస్తి మారలేదు, పంట ఎవరికి చెందుతుందన్నది మారింది. డిబేట్‌లో ఇది ఏ పక్షానికి పనికొస్తుందో నువ్వే చూసుకో అబ్బాయ్.

స్టాక్‌హోమ్ సీమోడు · రాత్రి 11:22

ఎవరైనా స్వీడన్ పేరు ఎత్తకముందే చెప్తున్నా, ఇది సోషలిస్టు దేశం కాదు. పన్ను కట్టేటప్పుడు ప్రాణం పోతుంది, ఆసుపత్రి బిల్లు చూస్తే మళ్లీ వస్తుంది. కంపెనీలు మాత్రం ప్రైవేటువే. ఇక్కడ ప్రభుత్వం చెప్పే కనీస వేతనం అంటూ లేదు, యూనియన్లూ యాజమాన్యాలూ కూర్చుని తేల్చుకుంటాయి. పక్కనున్న డెన్మార్క్ ప్రధాని 2015లో, మాది మార్కెట్ ఆర్థిక వ్యవస్థేనని అమెరికా వెళ్లి మరీ చెప్పొచ్చాడు.

ఇక్కడ మామిడికాయ ఒక్కోటి ఎంతో చెప్తే దామలచెరువు అన్న ఏడుస్తాడు. చెప్పను.

పాల క్యాన్ · రాత్రి 11:40

పిల్లల్ని పడుకోబెట్టి ఇప్పుడు చదివా అంతా. ఆడవాళ్లు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా.

నాకు మూడు ఆవులు. చిత్తూరు పక్క పల్లె. పొద్దున అయిదున్నరకి సెంటర్‌కి క్యాన్ ఎత్తుకుని పోతా. మిషన్‌లో చిన్న గ్లాసు పాలు పెడితే ఫ్యాట్ (వెన్న), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని గట్టి పదార్థం) నంబర్లు వస్తాయి. 3.5, 8.5 వస్తే ఒక రేటు, పాయింట్లు తగ్గితే రేటు దిగుతుంది. నాలుగేళ్ల కింద మా ఊళ్లో ఒకటే సెంటర్ ఉండేది. ఏ కంపెనీదో చెప్పను. వాళ్ల మిషన్ స్క్రీన్ ఎప్పుడూ గోడ వైపు తిరిగి ఉండేది. నంబర్ వాళ్లే చదివి వాళ్లే రాసుకునేవాళ్లు. నా ఆవుకి గానుగపిండి పెట్టినా 3.2, పెట్టకపోయినా 3.2. అడిగితే 'ఇష్టం లేకపోతే పోయొద్దు' అనేవాళ్లు. పోయకుండా పాలు ఏం చేసుకోవాలి?

తర్వాత రెండో సెంటర్ వచ్చింది. వారం తిరక్కముందే మొదటి సెంటర్‌లో స్క్రీన్ మా వైపు తిరిగింది! ఎవరూ ధర్నా చేయలేదు, ఎవరూ చట్టం తేలేదు.

చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడిందని మా అత్త ఇప్పటికీ చెప్తుంది. దాన్ని చంపిందెవరు అన్నదాని మీద రాజకీయ గొడవ ఉంది, అందులోకి పోను. ఆమె చెప్పేది ఒకటే. అది ఉన్నన్నాళ్లూ మిగతావాళ్లు దాని రేటు చూసి భయపడేవాళ్లు అని. గుజరాత్‌లో ఆనంద్ రైతులు 1946లో సంఘం పెట్టుకున్నది కూడా ఇందుకే కదా, ఒకే ఒక్క కొనుగోలుదారు ఇచ్చినంత తీసుకోలేక. అమూల్ అందులోంచే వచ్చింది. దానికి సేటూ యజమాని కాదు, సర్కారూ కాదు. అదే పేరు పెట్టుకున్న సహకార ఫ్యాక్టరీ చెరుకు పిప్పి తమ్ముడి నాన్నకి జీతం ఇవ్వలేదు. తేడా ఏందంటే అక్కడ కురియన్ లాంటి మేనేజర్ల చేతిలో పని పెట్టి రాజకీయాన్ని గేటు బయట ఉంచగలిగారు, మనోళ్లు లోపలికి పిలిచి కుర్చీ వేశారు.

నా మటుకు నాకు కొనేవాడు ఒక్కడే అయితే వాడు సేటైనా సర్కారైనా ఒకటే. స్క్రీన్ గోడ వైపే ఉంటుంది.

చెరుకు పిప్పి · రాత్రి 11:48

అక్కా, కుర్చీ వేసిన మాట నూటికి నూరు పాళ్లు నిజం.

ఎర్ర కండువా · రాత్రి 11:55

బాగా చెప్పారమ్మా, కానీ ఒక ప్రశ్న. రెండు సెంటర్లూ రేపు కలిసిపోతే? పెద్ద కంపెనీ చిన్నదాన్ని మింగడం మార్కెట్ స్వభావం అని మార్క్స్ ఎప్పుడో చెప్పాడు.

పాల క్యాన్ · రాత్రి 11:58

కలిస్తే మళ్లీ గోడ వైపు తిరుగుతుంది. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఆ చూసేవాడు సర్కారే అయితే తూనికలు కొలతల వాళ్లు మా సెంటర్‌కి ఎన్నిసార్లు వచ్చారో నేను లెక్కపెట్టక్కర్లేదు. సున్నాకి లెక్క ఏముంది.

నిర్వాహకుడు · రాత్రి 12:04

డెయిరీ ఎవరు మూయించారు అనే దాని మీద వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. పార్టీల గొడవ ఇక్కడ వద్దు. చర్చ కొనసాగించండి.

కాట్పాడి ప్యాసింజర్ · రాత్రి 12:10

ఒక చిన్న మాట చెప్పి పడుకుంటా. చిత్తూరు వాళ్లకి ఒంట్లో బాగాలేకపోతే వేలూరు సీఎంసీకి పోతారు. అది సర్కారుది కాదు, లాభం కోసం నడిపేదీ కాదు, మిషన్ ఆసుపత్రి. మీ రెండు పెట్టెల్లో ఏదాంట్లో పెడతారు?

పుత్తూరు పిల్లోడు · రాత్రి 12:22

అందరికీ థ్యాంక్స్. నేను నోట్స్ మార్చేసుకున్నా. సోషలిజమే మేలు అని ఎట్లా మొదలుపెట్టాలో ఇప్పుడు తెలిసింది, ఎక్కడ ఆపాలో మాత్రం తెలియలేదు. ఆగలేని వాడి దగ్గరికి మార్కెట్ వస్తే ఏమవుతుందో దామలచెరువు అన్న మాటతో మొదలుపెడతా. 1969 బ్యాంకులు, రెండు రూపాయల బియ్యం చెప్తా. ఎదుటి పక్షం ట్రబాంట్ కారు ఎత్తితే నేను లేమన్ బ్రదర్స్ ఎత్తుతా. పాల క్యాన్ అక్క స్క్రీన్ సంగతి మాత్రం నేనే దాచుకుంటా, అది వాళ్లకి దొరికితే నా పని అయిపోతుంది.

శ్రీసిటీ షిఫ్ట్ · రాత్రి 12:25

నేను పక్క మంచం మీదే ఉన్నా, వాళ్లకి చెప్పేస్తా. మాకు యూనియన్ లేదు, కాంట్రాక్ట్ పదకొండు నెలలే, అది కూడా ఎదుటివాళ్ల మీద వాడుకో. దీంతో సరికి సరి. అద్దె ఇస్తాలే.

దామలచెరువు తోట · తెల్లవారుజాము 4:50

గేటు తీసినారు. ఇంటి దగ్గర కాటాలో నాలుగు టన్నులు. ఇక్కడి కాటాలో 3,720. రెండు రాత్రులు ఎండకి, గాలికి కొంత పోయింది, మచ్చ కాయ అని కొంత తీసినారు, మిగతాది ఎక్కడ పోయిందో దేవుడికి తెలియాల. కాటా స్క్రీన్ నా వైపు లేదు పాల క్యాన్ అక్కా, కిటికీ లోపల ఉంది.

ఆధార్, పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చి స్లిప్పు తీసుకున్నా. ఎనిమిది వీళ్లది, నాలుగు సర్కారుది. ఏది ముందు పడుతుందో చూసి ఇక్కడే రాస్తా.